అన్నము ముట్టని బిడ్డ



ఆకలి యనగా నేమో మన గుంటూరు, ప్రకాశము మండలములవారికి ఒకరు చెప్పనక్కఱలేదు. 1832-33 నాటి నందన సంవత్సరపు కరువును, అనగా డొక్కల కరువును, మన తాతల తాతలు కన్నులార చూచిరి. గుంటూరు సీమలో ఆనాడు ఊళ్లకు ఊళ్లు పాడువడినవి. లక్షకు మించిన జనము నశించిరి. తరువాత 1876 మొదలు 1878 వఱకు ధాత కరువు వచ్చెను. ఒంగోలు ప్రాంతపు బీదలనేకులు బకింగుహాము కాలువ త్రవ్వకములో కూలి చేసి ప్రాణములు నిలుపుకొనిరి. ఇట్టి నేలలో పుట్టినవారికి, గిన్నెలో అన్నముండగా, తల్లి ముద్ద కలిపి నోటికందించుచుండగా, బిడ్డ పెదవులు బిగించి మొగము త్రిప్పుకొనుట నమ్మరాని సంగతి. "ఆకలి వేసినచో వాడే తినును" అందుము. చాలమంది బిడ్డల విషయములో ఆ మాట నిజమే. ఆ మాట చెల్లని బిడ్డలు మాత్రము అక్కడక్కడ ఉందురు. అట్టివారు ఆకలితో చిక్కిపోవుదురే గాని తినరు. వైద్యలోకము వీరిని ఎట్లు గుర్తించెను, ఎన్ని పొరపాట్లు పడెను, తుద కేమి నేర్చుకొనెను అను చరిత్రను నేడు మనవి చేసెదను.

తిండి మానుటలో మనమెఱిగిన విధములు నాలుగు కలవు. మొదటిది లేక మానుట, అది కరువు. రెండవది వ్రతముగా మానుట. ఏకాదశినాటి ఉపవాసము మొదలు పొట్టి శ్రీరాములుగారి ప్రాయోపవేశము వఱకు ఇందులో చేరును. ఆయన పూర్వుల గ్రామము కనిగిరి సమీపముననున్న పడమటిపల్లె. ఆంధ్రరాష్ట్రము కొఱకు 1952 అక్టోబరు 19వ తేదీన నిరశన వహించి, డిసెంబరు 15వ తేదీన ప్రాణములు విడిచిరి. వ్రతమునకు కారణము తెలియును. కోరిక తీరినచో విరమణ కలదు. మూడవది అలుక. పెండ్లిలో అలుకపాన్పు మొదలు పిల్లవాడు మిఠాయి కొఱకు కంచము త్రోసివేయుట వఱకు అన్నియు అలుకలే. అలుకకు ఆయుష్షు తక్కువ. ప్రొద్దు గ్రుంకులోపల తీఱిపోవును. నాలుగవది దేహరోగము, జ్వరము, కామెర్లు, నులిపురుగులు, నోటిపూత మొదలగునవి వచ్చినప్పుడు బిడ్డకు అన్నము సహింపదు.

ఈ నాలుగింటికిని చెందని యైదవ విధమొకటి కలదు. కరువు లేదు, వ్రతము లేదు, అలుక లేదు, శరీరములో వెదకిన రోగము కానరాదు. మనస్సులో ఏదియో భయమో, దుఃఖమో, చెప్పరాని బాధయో చేరి గొంతుకకు గడియ వేయును. ఈ గడియ యున్నదని తెలిసికొనుటకే మానవజాతికి చాలకాలము పట్టెను.

మన పూర్వులు దీనిని బొత్తిగా ఎఱుగకపోలేదు. సుశ్రుతసంహితలో పసిపిల్లలను పీడించు తొమ్మిది గ్రహములు చెప్పబడినవి. అందులో మొదటిదైన స్కందగ్రహము సోకిన శిశువు స్తన్యమును ద్వేషించునని లక్షణము వ్రాయబడినది. చరకసంహిత యింకను స్పష్టముగా పలికినది. అరుచి వాతాది దోషముల వలననే గాక శోకము, భయము, అతిలోభము, క్రోధము వలనను, మనస్సునకు రోత పుట్టించు ఆహారము, వాసన, రూపముల వలనను కలుగునని అందున్నది. అనగా మనస్సు చెడినచో నోరు కట్టువడునని మన వైద్యులు గ్రహించియే యుండిరి. ఇక కాశ్యపసంహిత కేవలము బాలవైద్యమునకే యేర్పడిన గ్రంథము. నేపాళములో దొరకిన ప్రతి నాధారముగా అది 1938లో అచ్చయ్యెను.

అయితే శాస్త్రములోని రెండు ముక్కలలో ఊళ్లలో నిలిచినది గ్రహము, మఱచిపోయినది మనస్సు. బిడ్డ తినకున్నచో దిష్టి తీయుట, తాయెత్తు కట్టుట వాడుకయైనది. దిష్టి తీసినందువలన బిడ్డకు కీడు లేదు. తల్లి మనస్సునకు కొంత యూఱటయు కలుగవచ్చును. కాని కొన్ని యిండ్లలో కడుపుమీద వాతలు పెట్టుట కలదు. అది క్రూరము. పుండు చీము పట్టును. అంతకంటె ముఖ్యముగా, భయముచేత నోరు మూసికొన్న బిడ్డకు మఱియొక భయమును మనమే కాల్చి అంటించినవారమగుదుము.

ఇప్పుడు ఐరోపాఖండమునకు పోవుదము. ఈ రోగమును గూర్చి వైద్యులు వ్రాసిపెట్టిన తొలి వృత్తాంతములు అక్కడ దొరకుచున్నవి. రిచర్డు మార్టను అను ఆంగ్లవైద్యుడు క్షయరోగమును గూర్చి 1689లో ఒక గ్రంథము ప్రకటించెను. క్షయరోగులనేకులను చూచిన యతనికి ఇద్దఱు వింతగా తోచిరి. ఒకతె 1684లో పదునెనిమిదవ యేట వ్యాధికి లోనైన కన్య. రెండవవాడు పదునాఱేండ్ల బాలుడు. ఇద్దఱును ఎముకలగూడు వలె చిక్కిపోయిరి. కాని జ్వరము లేదు, దగ్గు లేదు, ఆయాసము లేదు. ఇది ఊపిరితిత్తుల క్షయ కాదనియు, మనోవ్యథ వలన వచ్చిన క్షయ యనియు అతడు నిశ్చయించెను. ఆ కన్య మందులు మానివేసెను, కొలదికాలములో మరణించెను. బాలుని మాత్రము చదువు మాన్పించి, పల్లెగాలికి పంపి, గుఱ్ఱపుస్వారి చేయించి, పాలు పట్టించిరి. అతడు చాలవఱకు కోలుకొనెను. రోగనిర్ణయములో మొదటి మెట్టు ఇదియే. లేనిదానిని లేదని చెప్పి, మిగిలినదానిని మనస్సులో వెదకుట ఆ మెట్టు.

ఆ మాట వైద్యలోకము చెవికెక్కుటకు దాదాపు రెండువందల యేండ్లు పట్టెను. 1873లో పారిసు నగరమున లాసేగు, లండను నగరమున సర్ విలియం గల్, ఒకరి సంగతి ఒకరు చూచి కాక, వేఱువేఱుగా ఈ రోగమును వర్ణించిరి. లాసేగు చెప్పిన సంగతి మన యిండ్లను చూచి చెప్పినట్లే యుండును. బిడ్డ తినుట మానినప్పుడు కుటుంబమునకు తెలిసిన యుపాయములు రెండే యనియు, అవి బతిమాలుట, బెదరించుట యనియు, రెండింటివలనను పని జరుగదనియు అతడు కనుగొనెను. బతిమాలిన కొలది భోజనము ఇంటిల్లిపాదికి పెద్ద వ్యవహారమగును. బెదరించిన కొలది బిడ్డ బిగిసికొనును.

గల్ దొర తూకములు వ్రాసి యుంచెను. 1866లో అతని యొద్దకు వచ్చిన పదునేడేండ్ల పిల్ల 82 పౌన్లు, అనగా రమారమి 37 కిలోలు మాత్రమే తూగెను. నియమమైన వేళలకు కొంచెము కొంచెముగా ఆహారమిచ్చుట, వెచ్చగా నుంచుట, పరుగులిడనీయక విశ్రాంతి కలిగించుట అతని పద్ధతి. 1868 మార్చినాటికి ఆ పిల్ల 128 పౌన్లు, అనగా 58 కిలోలు తూగెను. ఈ రోగము ఎదిగిన కన్యలకే గాక చిన్నపిల్లలకును వచ్చునని క్రమముగా తెలిసెను. 1888లో గల్ స్వయముగా పదునాలుగేండ్ల బాలికను గూర్చి ప్రకటించెను. 1894లో కాలిన్సు అను వైద్యుడు ఏడున్నర యేండ్ల పిల్లను గూర్చి వ్రాసెను.

ఇంతవఱకు వచ్చిన త్రోవ మరల తప్పిపోయినది. 1914లో జర్మనీ వైద్యుడు సిమ్మండ్సు, మెదడు క్రిందనుండు పీయూషగ్రంథి చెడిన వారు చిక్కి మరణించుటను కనిపెట్టెను. అది సత్యమే. కాని చిక్కిన ప్రతి పిల్లకును గ్రంథియే చెడినదని యెంచి, కొన్ని దశాబ్దములపాటు అనేకులకు గ్రంథుల మందులిచ్చిరి. మన యూళ్లలో గ్రహము చేసిన పనినే అక్కడ గ్రంథి చేసెను. రెండును బిడ్డ మనస్సును మఱుగుపఱచెను. ఆ పిమ్మట మఱియొక తప్పు వచ్చెను. దోషమంతయు తల్లిదండ్రులదే యని నిందించుట ఆ తప్పు.

ఈ చిక్కులనుండి దారి చూపినవి రెండు సంగతులు. మొదటిది 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయములో ఆన్సెల్ కీసు నడిపిన పరీక్ష. ఆరోగ్యవంతులైన 36 మంది యువకులు తమంతట తాము ముందుకు వచ్చి ఆఱునెలలు అఱకడుపు తిండితో నుండిరి. వారు దిగులుపడిరి, చిరచిరలాడిరి, నలుగురితో మాటలు తగ్గించిరి. ఎల్లప్పుడు తిండినిగూర్చియే తలపోసిరి. దీనివలన తేలినదేమనగా, చిక్కిన బిడ్డయందు మనము చూచు మొండితనములో కొంత ఆకలియే కల్పించినది. కావున ముందు శరీరమును కొంత నిలువబెట్టక, మనస్సునకు ఎంత నీతి బోధించినను చెవికెక్కదు.

రెండవది కుటుంబమును గూర్చినది. బంధువులు మంచి పరిచారకులు కారనియు, బిడ్డను వారినుండి వేఱుచేయవలెననియు గల్ తలచెను. 1987లో లండను మాడ్స్‌లీ ఆసుపత్రి వైద్యులు 80 మంది రోగులపై ఒక పరిశీలన ప్రకటించిరి. ఆసుపత్రిలో బరువు పెఱిగి యింటికి వచ్చిన తరువాత, కొందఱికి విడిగాను, కొందఱికి కుటుంబముతో కలిపియు చికిత్స చేసిరి. చిన్నవయస్సులో రోగము మొదలై, మూడేండ్లు దాటనివారికి కుటుంబముతో కలిపి చేసిన చికిత్సయే మేలు చేసెను. నిందింపబడిన తల్లిదండ్రులే సరియైన దారి చూపినచో మంచి వైద్యసహాయులని తేలెను. తాతలు, అవ్వలు, పిన్నమ్మలు ఒక్క కప్పు క్రింద మెలగు మన యిండ్లకు ఈ సంగతి మిక్కిలి విలువైనది.

ఇక అరుదైన రూపములను చూడుము. ఒకటి గొంతుభయము. చేపముల్లో, మాంసపుముక్కయో ఒకనాడు గొంతులో చిక్కి ఊపిరి సలుపక భయపడిన బాలుడు, ముల్లు పోయిన తరువాతకూడ గట్టిపదార్థము ముట్టడు. అతనికి లావగుదునను భయము లేదు. చత్తునను భయము కలదు. తిండిని మిక్కిలి తగ్గించి శరీరము పాడగు ఇట్టి బిడ్డల స్థితిని 2013లో అమెరికా మనోవైద్యుల రోగపట్టికలో ప్రత్యేకరోగముగా చేర్చిరి.

మఱియొకటి యింకను భయంకరము. 1991లో లండనులో బ్రయన్ లాస్కు అను వైద్యుడు, అతని సహచరులు తొమ్మిది మొదలు పదునాలుగేండ్ల లోపు బాలికలను నలుగురిని గూర్చి ప్రకటించిరి. వారు తినుటయే గాక త్రాగుట, నడచుట, మాటాడుట, స్నానపానాదులు చేసికొనుట సర్వము నిరాకరించిరి, సాయపడబోయినవారిని ప్రతిఘటించిరి. దీనికి సర్వనిరాకరణ రోగమని పేరు చెప్పుకొనవచ్చును. స్వీడను దేశములో 2003 మొదలు 2005 వఱకు, ఆశ్రయము కోరి వచ్చిన కాందిశీకుల పిల్లలలో నాలుగువందలమందికి పైగా ఇట్టి స్థితికి లోనైరి. గొట్టముద్వారా ఆహారమిచ్చి వారిని బ్రతికింపవలసి వచ్చెను. కారణములను గూర్చి అక్కడ వాదములు చాల సాగినవి. లాస్కు మొదలగువారు నేర్చుకొన్నది మాత్రము ఒకటి: తొందరపెట్టిన కొలది బిడ్డ వెనుకకు పోవును. నెలలకొలది, ఒక్కొక్కప్పుడు సంవత్సరమునకు పైగా, ఆసుపత్రిలో ప్రాణమును కాపాడుచు, బిడ్డ వేగమునకు మనము నడువవలయును. అట్లు ఓపికతో చూచినవారిలో అధికభాగము పూర్తిగా కోలుకొనిరి. ఇది మఱవరాని మాట.

భారతదేశములో ఈ రోగములు లేవని చిరకాలము అనుకొనిరి. 1995లో ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థ వైద్యులు ఐదుగురు యువతులను గూర్చి ప్రకటించిరి. పాశ్చాత్య గ్రంథములలో చెప్పినట్లు లావగుదునను భయము వీరియందు స్పష్టముగా కానరాలేదు. హాంగుకాంగు వైద్యులును ఇట్టి సంగతినే వ్రాసిరి. అచటి రోగులు కడుపుబ్బరమనియు, ఆకలి లేదనియు చెప్పుదురు. మన పల్లెలో ఇట్టి పిల్లను చూచినచో "వాయువు చేరినది" అని ఊరకుందుము. గ్రంథములోని లక్షణము కానరానంతమాత్రమున రోగము లేదనుకొనరాదు.

మన ప్రాంతమున వైద్యసహాయము మెల్లగా వచ్చినది. విశాఖపట్టణమున మానసికరోగుల ఆసుపత్రి 1871లోనే వెలసెను. గుంటూరులో డాక్టరు అన్నా కుగ్లరు 1883లో వచ్చి స్త్రీలకును పిల్లలకును వైద్యము చేసి, 1898లో ఆసుపత్రి తెఱచెను. గుంటూరు వైద్యకళాశాల 1946లో ఏర్పడెను. జాతీయ మానసికారోగ్య కార్యక్రమము 1982లోను, జిల్లాలవారి కార్యక్రమము 1996లోను ప్రారంభమయ్యెను. 2022 అక్టోబరు 10వ తేదీనుండి 14416 అను సంఖ్యకు టెలిఫోను చేసి, రుసుము లేకుండ, మానసికబాధలను గూర్చి సలహా పొందు ఏర్పాటు జరిగినది. కావున నేడు కొఱత త్రోవకు గాదు. త్రోవ చూపు పెద్దకు.

ఆ పెద్ద చేయవలసినదేమి? మొదట చూడవలయును. ప్రత్తితీతల నాళ్లలో, మిరపకోతల నాళ్లలో తల్లిదండ్రులు తెల్లవారకమునుపే చేలకు పోవుదురు. పిల్లవాడు తిన్నాడని తల్లి, తల్లి పెట్టినదని అవ్వ అనుకొనుట సహజము. నెలకొకసారి అంగన్‌వాడీలోనో, బడిలోనో, కాటామీదనో బిడ్డను తూచి వ్రాసియుంచుడు. గొడ్డుకారము ముట్టక పెరుగన్నమే తినువాడు, బరువు పెఱుగుచు ఆడుకొనుచున్నచో రోగి కాడు, వానిని బాధింపకుడు. బరువు తగ్గుచున్నను, ఎత్తు పెఱుగుట ఆగినను, చేతులు చల్లబడి తల తిరుగుచున్నను వైద్యునికి చూపుడు. నీరుకూడ ముట్టకున్నను, మూత్రము తగ్గినను, స్పృహ తప్పినను ఆనాడే ఆసుపత్రికి చేర్పుడు.

వైద్యుడు ముందుగా నాలుగవ విధమును, అనగా దేహరోగమును వెదకును. క్షయ, మధుమేహము, ప్రేగుల వ్యాధి, అన్ననాళపు అడ్డు, మెదడులో కంతి మొదలగువానిని పరీక్షించును. పౌష్టికాహారలోపము వలన ఒడలు వాచిన పిల్లలకును ఆకలి చచ్చుననునది మఱవరాదు. ఇవి లేవని తేలిన పిమ్మట బడిలో భయమున్నదా, ఇంటిలో చావు జరిగినదా, ఎవరైన చేయరాని పని చేసిరా, గొంతులో నేమైన చిక్కినదా యని మెల్లగా విచారించును. ఈ ప్రశ్నలు అడిగినప్పుడు పరువు పోవునని దాపఱికము చేయకుడు.

రెండవ సంగతి: చాలదినములు తినని బిడ్డకు ఒక్కసారిగా కడుపునిండ పెట్టరాదు. 1945లో యుద్ధశిబిరములనుండి విడుదలయైన ఆకలిగొన్నవారు కొందఱు ఆ విధముగనే మరణించిరి. ఆహారము వేగముగా చేరినప్పుడు నెత్తురులోని భాస్వరము, పొటాషియము మొదలగు లవణములు తటాలున తగ్గి గుండె ఆగవచ్చును. మన పెద్దలు లంకణముల తరువాత జావతో మొదలుపెట్టి పథ్యము పెట్టుట ఈ జాగ్రత్తయే. బిడ్డ మిక్కిలి చిక్కినచో ఆ మొదటి జావకూడ ఆసుపత్రిలో, నెత్తురుపరీక్షల నడుమ జరుగవలయును.

మూడవది: ముక్కు మూసి నోరు తెఱపించుట, కొట్టుట, పదిమందిలో నవ్వులపాలు చేయుట మానుడు. నియమిత వేళలకు కంచము పెట్టి, పెద్దలును ప్రక్కన కూర్చుండి తినుచు, ఒక ముద్ద తిన్నను మానినను పెద్ద ప్రసంగము చేయక, వైద్యుడు చెప్పిన కొలతను ఓపికతో సాగించుడు. గొంతుభయము గలవానికి మొదట మజ్జిగ, తరువాత జావ, తరువాత మెత్తని పప్పన్నము అను మెట్లు వైద్యుడు ఏర్పఱచును. ఒక్కొక్క మెట్టున భయము కొంత విడుచును.

ప్రతికాలము ఒక పొరపాటును, ఒక సత్యమును మిగిల్చి పోయినది. గ్రహము పొరపాటు, శోకభయములు సత్యము. గ్రంథి పొరపాటు; శరీరమును ముందు పరీక్షింపవలెననుట సత్యము. తల్లిదండ్రులను నిందించుట పొరపాటు. వారు లేక బిడ్డ కోలుకొనుట కష్టమనుట సత్యము. ఈ మూడు సత్యములను ఒక్కచోట చేర్చుటకు వైద్యులకు మూడువందల యేండ్లు పట్టెను. ఇక మీదట ఏ యింటనైన బిడ్డ కంచము త్రోసి మొగము త్రిప్పుకొన్నచో, ఆ యింటి పెద్ద "వీనికి పొగరు" అనుటకు ముందు "వీనికేమి బాధ?" అని యొక్కసారి అడిగినచో చాలును. ఆ ప్రశ్నతోనే గడియ కదలుట మొదలిడును.